రెండో బ్లోయర్

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర నర్సరీ ఆవిడ ఒక ప్లాస్టిక్ ట్రేని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ట్రే నిండా టమాటా మొలకలు. వేలెడేసి ఎదిగాయి గానీ ఒక్కటీ నిటారుగా లేదు. అన్నీ మెడలు వాల్చేశాయి. ఆకుల అంచులు నిప్పు సెగ తగిలినట్టు కమిలిపోయాయి.

"మూడోసారండీ ఇలా అవడం. విత్తనం మార్చాను. మట్టి మార్చాను. ఇంక మార్చనిది నీళ్ళొక్కటే. మీ ఫ్యాక్టరీ కింది కాలవ నీళ్ళు" అంటోంది.

వాచ్‌మన్ చెడ్డవాడేం కాదు. ఆవిడని కసరలేదు. ఓపిగ్గా గేటు పక్కనున్న బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో, చదువుకో. బయటికి వదిలే నీళ్ళలో మురికి రెండొందల పది. రెండొందల యాభై దాకా ఉండొచ్చని చట్టం. మనది ఇంకా తక్కువే. కింద ల్యాబు సంతకం కూడా ఉంది చూడు. ఇంతకంటే ఎవరు చెప్పాలి నీకు?"

నర్సరీ ఆవిడ ఆ అంకెని చాలాసేపు చూసింది. కిందున్న సంతకాన్ని కూడా చూసింది.

"అయితే నేనే ఎక్కడో పొరపాటు చేస్తున్నట్టున్నా" అంది చివరికి. ట్రేని పొట్టకి ఆనించుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ సంతకం పెట్టిన మనిషి సరిగ్గా నాలుగడుగుల వెనక, హాజరు కార్డు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పదకొండేళ్ళుగా ఆ రంగుల ఫ్యాక్టరీలో తొట్టికీ తొట్టికీ మధ్య సీసాలు పట్టుకుని తిరుగుతుంది కాబట్టి అందరూ ఆమెని నీళ్ళమ్మ అంటారు. నర్సరీ ఆవిడ తిట్టి ఉంటే నీళ్ళమ్మ తలదించుకుని లోపలికి పోయేది. ఆవిడ తిట్టలేదు. నమ్మింది.

బట్టలకి రంగులద్దగా మిగిలిన నీరంతా ఫ్యాక్టరీ వెనకున్న పెద్ద తొట్టిలోకి చేరుతుంది. ఆ తొట్టిలో కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ ఉంటాయి. మురికిని అవే తింటాయి. వాటికి కావలసిందల్లా గాలి. అడుగు నుంచి గాలి ఊదడానికి రెండు బ్లోయర్లు ఉన్నాయి. మూడు నెలలుగా ఒకటే తిరుగుతోంది.

తొట్టి చూసుకునే పెద్దాయనని బురదన్న అంటారు. నీళ్ళమ్మ వెళ్ళేసరికే ఆయన పొడుగాటి గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు నింపి గట్టు మీద పెట్టాడు. మామూలుగా అయితే అరగంటలో గోధుమరంగు బురదంతా అడుక్కి దిగిపోయి పైన తేటనీరు నిలుస్తుంది. మూత తీస్తే వానపడ్డ నేల వాసన వస్తుంది. ఈరోజు గంట దాటినా బురద దిగలేదు. నల్లగా, మబ్బులా మధ్యలోనే వేలాడుతోంది. వాసన చూడబోయిన నీళ్ళమ్మ తల వెనక్కి తీసుకుంది. కుళ్ళిన గుడ్డు వాసన.

"ఊపిరాడట్లేదమ్మా వీటికి" అన్నాడు బురదన్న. "నిన్నూ నన్నూ ముక్కు మూసుకుని పరిగెత్తమంటే పరిగెత్తుతామా? ఇంకో వారం ఇలాగే ఉంటే మొత్తం చచ్చిపోతాయి. అప్పుడింక నువ్వు నీళ్ళు పరీక్ష చెయ్యక్కర్లేదు. కాలవ రంగు చూస్తే చాలు."

ల్యాబులో ఆమె నమూనాలో మందు కలిపి రెండు గంటలు మరగబెట్టింది. చల్లారాక గాజునాళం కింద పెట్టి, నాళానికున్న చిన్న కుళాయిని రెండు వేళ్ళతో పట్టుకుని చుక్క చుక్కగా ఇంకో మందు వదిలింది. పసుపు ఆకుపచ్చలోకి తిరిగింది. ఆకుపచ్చ హఠాత్తుగా ఇటుకరంగయింది. ఇంత తొందరగా తిరగకూడదు. ఎంత తొందరగా తిరిగితే నీళ్ళలో అంత మురికి ఉన్నట్టు. లెక్క కట్టింది. నాలుగు వందల పది.

ఆరు వారాల కిందట మొదటిసారి అంకె గీత దాటినప్పుడు రెండొందల తొంభై వచ్చింది. "ఈ ఒక్కసారికి రెండొందల పది రాయండి, వచ్చే వారానికి సర్దేద్దాం" అన్నాడు మేనేజరు. రాసింది. మరుసటి వారం ఎవరూ అడగలేదు. తనే రాసేసింది.

మేనేజరు పన్నెండింటికి వచ్చాడు. ఆయన ఎవరి మీదా అరవడు. అదే ఆయనతో చిక్కు.

"గురువారం ఫండు నుంచి మనిషి వస్తున్నారు. మన కంపెనీలో అందరికంటే పెద్ద వాటాదారు. శుక్రవారం వాటాదారుల సమావేశం. తెలుసుగా?" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఎంత వచ్చింది?"

"రెండో బ్లోయర్ వెయ్యాలి సార్."

"నేనడిగింది అంకె. నీళ్ళమ్మగారూ, మీరు నీళ్ళు నమలకండి" అని నవ్వాడు.

"నాలుగొందల పది."

ఆయన నవ్వు ఆగింది. బల్ల మీదున్న సీసాని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "రేపు మళ్ళీ చేయండి. రెండోసారి చేస్తే తగ్గుతుందని నా నమ్మకం."

"బురద చచ్చిపోతోంది సార్. నమ్మకంతో తగ్గదు."

"నాకేం సరదానా ఇది?" గొంతు ఇంకా తగ్గించాడు. "ఖర్చు తగ్గించకపోతే అరవై మందిని ఇంటికి పంపమన్నారు. ఆ జాబితా ఇప్పటికీ నా సొరుగులో ఉంది. మీ బురదన్న పేరు అందులో మూడోది. నేను మనుషుల్ని ఆపకుండా మోటారు ఆపాను. ఏది నయం, మీరే చెప్పండి."

ఆయన వెళ్ళాక రిజిస్టరులో ఆరోజు గడి ఖాళీగా వదిలేసింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు భోజనాల బల్ల ముందు కూర్చుని కంపెనీ వార్షిక నివేదిక చదువుతోంది. ఆవిడ అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్ళు చేసింది. చివరి పన్నెండేళ్ళు మేస్త్రమ్మ. కంపెనీ వాటాలు అమ్మకానికి పెట్టినప్పుడు పాతవాళ్ళకి తలా కొన్ని ఇచ్చింది. అప్పటినుంచీ ఆవిడ ఏ సమావేశమూ మానలేదు. పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివిగానీ వెళ్ళదు.

"ఇదిగో, నీ నీళ్ళు పుస్తకంలో పడ్డాయే!" అంది మురిసిపోతూ. "పద్దెనిమిదో పేజీ. 'మా నీరు, మా బాధ్యత.' రెండొందల పది అట. నీ పేరెయ్యలేదు, దిక్కుమాలినవాళ్ళు."

నీళ్ళమ్మ చెప్పుల పట్టీ ఊడదీస్తూ అలాగే వంగి ఉండిపోయింది.

"ఏమే, నడుం పట్టేసిందా?"

"లేదత్తయ్యా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మంగళవారం మళ్ళీ చేసింది. నాలుగు వందల ఇరవై అయిదు. ఈసారి ఆలోచించలేదు. ఖాళీగా ఉన్న సోమవారం గడిలో 410 రాసి, కింద 425 రాసి, రెండింటి పక్కనా సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి రిజిస్టరుని దాని చోట పెట్టేసింది.

సాయంత్రం ఇంటి బస్సు ఎక్కకుండా కాలువ గట్టు మీద నడిచి నర్సరీకి వెళ్ళింది. నర్సరీ ఆవిడ గొనె పట్టా మీద కూర్చుని, చచ్చిన మొలకలు పీకేసి ట్రేలు దులిపి ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది.

"నేను ఫ్యాక్టరీ ల్యాబులో చేస్తానండీ. పొరపాటు మీది కాదు. బోర్డు మీదున్న అంకె నిజం కాదు. అది రాసింది నేనే."

ఆవిడ చేతులు ఆగాయి. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఆరు వారాలు."

"రెండు విడతలు ఆ ఆరు వారాల్లోనే వేశాను." ఆవిడ గొంతు పెంచలేదు. ఇంకో ట్రే అందుకుని, అడుగున అంటుకున్న మట్టిని గోటితో గీకింది. "వెళ్ళమ్మా. చీకటి పడేలోపు నాకు పని ఉంది."

కూర్చోమనలేదు, పొమ్మంది. నీళ్ళమ్మ అంతకంటే ఏమీ ఆశించి రాలేదు. గట్టెక్కి బస్సు స్టాపు వైపు నడిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి అంతా చెప్పేసింది. భర్త లారీ మీద ఊరికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఇద్దరే.

అత్తగారు ముద్ద కంచంలోనే వదిలేసింది. "అంటే నువ్వు అబద్ధం రాశావా?"

"రాశాను."

"ఇప్పుడు నిజం రాశావా? ఫండు వాళ్ళు వచ్చే ముందు?" ఆవిడ ముఖం ఎర్రబడింది. "ముందు రాసిందీ తప్పే, ఇప్పుడు రాసిందీ తప్పే! రాసేదేదో మొదట్లోనే రాసి ఏడవచ్చుగా! వాళ్ళు అమ్ముకుని పోతే నా వాటాలు చిత్తు కాగితాలవుతాయి. నావే కాదు, మా సెక్షన్ వాళ్ళందరివీ. ఆ కంపెనీ కూడు తినే నీ మొగుడు ఇంతవాడయ్యాడు, తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"తెలిసే చేశావు."

అత్తగారు లేచి చెయ్యి కడుక్కుంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

బుధవారం పొద్దున్న నీళ్ళమ్మ డబ్బా సర్దుకుంటుంటే అత్తగారు వెనకనుంచి వచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఒకసారి మా సెక్షన్లో పెట్టెకి రెండు బట్టలు తక్కువ పడ్డాయి. లారీ గేటు దాటబోతోంది. అప్పటి మేనేజరు పోనీయమన్నాడు. నేను లారీకి అడ్డంగా నిలబడ్డాను. మొత్తం దింపించి, నూటనలభై పెట్టెలూ తెరిపించాను. సెక్షనంతా నన్ను తిట్టింది. ఆ కొన్నవాడు ఇప్పటికీ మన దగ్గరే కొంటున్నాడు." డబ్బా మూత తనే నొక్కి పెట్టింది. "ఆ పేజీ చింపమంటే చింపుతావా?"

"చింపను."

"సరే. ఆలస్యమవుతోంది, పో."

ఆరోజు మేనేజరు పదింటికే ల్యాబుకి వచ్చాడు. రిజిస్టరు తెరిచి చూశాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"కొత్త రిజిస్టరు మొదలుపెడదాం. పాతది తడిసిపోయిందని రాసుకుందాం. ఈ ల్యాబులో నీళ్ళకేం తక్కువ?"

"నేను రాయను సార్."

"నేను బతిమాలుతున్నాను."

ఆయన నిజంగానే బతిమాలుతున్నాడు. చెమటకి చొక్కా మెడపట్టీ తడిసిపోయి ఉంది. ఆమెకి ఆయన మీద జాలి వేసింది. రిజిస్టరుని మాత్రం తన వైపుకి లాక్కుంది.

గురువారం ఫండు ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. నడవడానికి వీలుగా గుడ్డబూట్లు వేసుకుంది. నర్సులు, బస్సు డ్రైవర్లు, బడి పంతుళ్ళు నెలనెలా పెన్షన్ కోసం దాచుకునే సొమ్ముని ఆవిడ పనిచేసే ఫండు కంపెనీల్లో పెడుతుంది. ఆఫీసు గదిలో ఫలహారాలు సిద్ధంగా ఉంటే వద్దని, తిన్నగా తొట్టి గట్టెక్కింది. బురదన్నని ఏమీ అడగలేదు. ఆగిపోయిన బ్లోయర్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. అరచేతికి అంటిన దుమ్ముని చూసుకుంది. మేనేజరు పక్కనే ఉండి, అది రిపేరులో ఉందని చెప్పాడు.

ల్యాబులో రిజిస్టరు అడిగింది. నీళ్ళమ్మ ఇచ్చింది. ఆవిడ రెండేళ్ళ వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక్కో పేజీ తిప్పుకుంటూ వచ్చింది.

"నూట ఎనభై. రెండొందల ముప్పై అయిదు. నూట తొంభై అయిదు" అని చదివింది. "ఇక్కణ్ణుంచి ఆరు వారాలు రెండొందల పది, రెండొందల పది, రెండొందల తొమ్మిది. దారం లాగి కట్టినట్టున్నాయి. తరవాత నాలుగొందల పది." తలెత్తింది. "ఇది రాసిందెవరు?"

"నేనే."

"రెండొందల పది?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. నీళ్ళమ్మ ఆయన వైపు చూడలేదు.

"అదీ నేనే. అవి నిజం కాదు. నాలుగొందల పది నిజం."

"మీరెందుకు రాశారు?"

"రాయమన్నారు. మొదటిసారి." అక్కడితో ఆగితే సరిపోయేది. "తరవాత నేనే రాశాను."

ఫండు ఆవిడ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. థాంక్స్ అని కూడా అనకుండా వెళ్ళిపోయింది. కారు గేటు దాటగానే మేనేజరు తిరిగొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "రేపట్నుంచి రాకండి. కాగితం ఇంటికొస్తుంది." తలుపు వెయ్యబోతూ అన్నాడు. "ఇంటికి పోయేది అరవై మంది కాదు ఇప్పుడు. మూడొందల మందీ."

శుక్రవారం సమావేశానికి అత్తగారు కోడల్ని తోడు రమ్మంది. రానంటే వినలేదు. "మెట్లెక్కలేను, చెయ్యి పట్టుకో" అంది. ఆవిడ రోజూ రెండంతస్తులు గబగబా ఎక్కే మనిషి.

హాల్లో రెండు వందల మంది ఉన్నారు. వెనక మూడు వరసలూ రిటైరైన పనివాళ్ళే. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు మేస్త్రమ్మకి మధ్యలో చోటు పట్టి ఉంచారు. వేదిక మీద ఛైర్మన్, ఆయనకి రెండు కుర్చీల అవతల మేనేజరు. ముందు వరసలో చివరి కుర్చీలో ఫండు ఆవిడ.

ఛైర్మన్ లాభం పెరిగిందన్నాడు, కరెంటు ఖర్చు బాగా తగ్గిందన్నాడు. పోయినేటికంటే ఎక్కువ డివిడెండు ఇద్దామన్నాడు. చప్పట్లు మోగాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

అత్తగారు లేచింది. మైకు తెచ్చిచ్చేదాకా ఆగలేదు.

"పద్దెనిమిదో పేజీలో నీళ్ళు బాగున్నాయని వేశారు. ఇరవై రెండో పేజీలో కరెంటు తగ్గిందని వేశారు. రెండో బ్లోయర్ ఆపేస్తే కరెంటు తగ్గుతుంది. నీళ్ళు ఎలా బాగుంటాయి?"

ఛైర్మన్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కాగితాలు సర్దుకున్నాడు. హాల్లో గుసగుసలు లేచాయి.

"ఏంటమ్మా నువ్వు అడిగేది!" ముందు వరసల్లోంచి ఒకాయన వెనక్కి తిరిగి కేకేశాడు. "పేపర్లో పడితే రేటు పడిపోతుంది. అందరి నోట్లో మట్టి కొడతావా? కూర్చో!"

అత్తగారు కూర్చోలేదు. ఆవిడ చెయ్యి కోడలి భుజాన్ని వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఫండు ఆవిడ లేచింది.

"ఆవిడ అడిగిన ప్రశ్నే నేనూ పదిహేను రోజుల కిందట అడిగాను, మా ఆఫీసులో. ఈ పుస్తకం చదివి. మా వాటా మొత్తం అమ్మేయడానికి కాగితాలు తయారుచేసుకుని వచ్చాను."

హాల్లో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

"ఇంకో ఊళ్ళో మాకో ఫ్యాక్టరీలో వాటా ఉండేది. ఏడేళ్ళు అంకెలు అందంగా ఇచ్చారు. ఎనిమిదో ఏడు నీళ్ళు తాగి జనం ఆసుపత్రి పాలయ్యారు. నెల తిరక్కుండా తాళం పడింది. మా వాళ్ళు దాచుకున్నది అక్కడే పోయింది. అందుకే ఎక్కడికెళ్ళినా ఒకటే చూస్తాను. తప్పు జరిగినప్పుడు లోపలివాళ్ళే చెప్తారా, లేదా? నిన్న ఈ ఫ్యాక్టరీ ల్యాబులో ఒకరు చెప్పారు. చెప్తే తనకి ఏమవుతుందో తెలిసీ చెప్పారు." ఛైర్మన్ వైపు తిరిగింది. "మా ఫండులో దాచుకునే బస్సు డ్రైవరు ఇరవై ఏళ్ళ తరవాత పెన్షన్ తీసుకుంటాడు. అప్పటిదాకా మీరు ఇక్కడే ఉండాలి. మీరుండాలంటే కిందున్న కాలవా, కాలవ మీద బతికేవాళ్ళూ ఉండాలి. ఈ ఏడు డివిడెండు సగానికి తగ్గించండి. ఆ సగంతో తొట్టి బాగుచేయండి, నష్టపోయినవాళ్ళకి ఇవ్వండి. మనుషుల్ని తీసేయకండి. అలాగైతే అమ్మం. ఉంటాం."

ఛైర్మన్ పక్కనున్నవాళ్ళతో తలలు దగ్గర పెట్టి పది నిమిషాలు మాట్లాడాడు. మేనేజరు ఆ గుంపులోకి వంగలేదు. తన కుర్చీలోనే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి ఛైర్మన్ మైకు దగ్గరికి వచ్చి, సగం డివిడెండుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు.

ముందు వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. వెనక వరసల్లో ఒక్కటీ లేవలేదు. ప్యాకింగ్ వాళ్ళంతా మేస్త్రమ్మ వైపు చూస్తున్నారు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. పెద్ద వాటాదార్లకి సగం అంటే సగమే. ఆవిడ ఆ డబ్బుతో పళ్ళు కట్టించుకోవాలనుకుంది. నాలుగు నెలలుగా ఒకవైపే నములుతోంది. నీళ్ళమ్మకి ఆ సంగతి తెలుసు. అందుకే చెయ్యెత్తమని అనలేదు.

అత్తగారు చెయ్యి ఎత్తింది. తరవాత అటూ ఇటూ చూసి, ప్యాకింగ్ హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడే పాత గొంతుతో అంది:

"ఏమర్రా, చేతులు అరిగిపోయాయా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక మూడు వరసల్లోనూ చేతులు లేచాయి, ఒకటి తరవాత ఒకటి, తరవాత అన్నీ కలిసి.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఛైర్మన్ ఎదురొచ్చాడు. నీళ్ళమ్మని ఎలా పలకరించాలో ఆయనకి తెలియలేదు.

"సోమవారం రండి. ఇప్పుడే ఫోన్ చేసి రెండో బ్లోయర్ ఆన్ చేయించాను. కాకపోతే ఒక ఏడాదిపాటు మీ రిజిస్టరులో మీ పక్కన ఇంకొకరు కూడా సంతకం పెడతారు. మీది ఒక్కటే చెల్లదు."

"అదేంటి బాబూ?" అత్తగారు రెండు మెట్లు దిగొచ్చింది. "ఇంత జరిగాక కూడా మా కోడలి మీద నమ్మకం లేదా?"

"ఉండకూడదులే అత్తయ్యా" అంది నీళ్ళమ్మ. ఛైర్మన్‌తో "అలాగే సార్, వస్తాను" అంది.

ఇద్దరూ బస్సు స్టాపుకి వచ్చారు. అత్తగారు అడిగింది.

"ఆ తొట్టిలో పురుగులు బతుకుతాయా?"

"పురుగులు కాదత్తయ్యా..."

"ఏవో ఒకటి. బతుకుతాయా?"

"గాలి ఆడితే బతుకుతాయి. కోలుకోవడానికి మూడు వారాలు పడుతుంది. ఈలోపు అంకె ఎక్కువే వస్తుంది. ఎంతొస్తే అంత బోర్డు మీద రాయాలి. ఊరంతా చూస్తారు."

"చూడనీ" అంది అత్తగారు.

బస్సు వచ్చింది. నిండుగా ఉంది. ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. రెండు స్టాపులు దాటాక అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగి, "ఈ పూట మెత్తగా ఉడికేదేదైనా వండవే" అంది.